విదేశం పోతున్నారా? ఫోన్ బిల్లు వాచిపోకుండా ఏం చేయాలి?

మా బాపు మొదటిసారి అమెరికా పోయినప్పుడు దోహాలో విమానం మారడానికి నాలుగు గంటలు ఆగాల్సి వచ్చింది. ఫోన్ ఆన్ చేసి లాల్చీ జేబులో వేసుకున్నాడు, అంతే. ఒక్క కాల్ చేయలేదు, ఒక్కటి ఎత్తలేదు. తర్వాతి నెల హనుమకొండలో మా ఇంటికొచ్చిన బిల్లులో ఆ నాలుగు గంటలకే నాలుగు వేల పైచిలుకు పడింది. "నేను ఫోన్ ముట్టనే లేదు బిడ్డా" అంటాడు ఇప్పటికీ. నిజమే, ముట్టలేదు. తాతకు ఇబ్బంది ఉండొద్దని మా వాడు డేటా రోమింగ్‌తో (వేరే దేశం నెట్‌వర్క్ మీద కూడా నెట్ నడవనిచ్చే ఆప్షన్) సహా కనిపించిన ప్రతి ఆప్షన్ ఆన్ చేసి పంపాడు. చుట్టాల గ్రూపులో వచ్చిన పెళ్లి వీడియోలన్నీ జేబులోనే డౌన్‌లోడ్ అయ్యాయి. శంషాబాద్‌లో తీసుకున్న ఫొటోలు బ్యాకప్‌కు ఎక్కాయి. మేం వేయించిన రోమింగ్ ప్యాక్ అమెరికాకు. దోహా ఉండే ఖతార్ అందులో లేదు.

రోమింగ్‌లో ఎక్కువగా డబ్బు తినేది మనం మాట్లాడే మాటలు కాదు, మనం చూడనప్పుడు ఫోన్ వాడుకునే నెట్. ప్యాక్ లేనిచోట ఒక్కో ఎంబీకి లెక్క కడతారు. ఎంబీకి పది రూపాయలే అనుకున్నా, మూడు వందల ఎంబీలకు మూడు వేలు. నాలుగైదు వీడియోలకే అంత అవుతుంది. అందుకే మా ఇంట్లో ఇప్పుడు ఒకటే పద్ధతి: ప్యాక్ లేకపోతే ఇక్కడి సిమ్ ఓటీపీలకు, తప్పనిసరి కాల్స్‌కు మాత్రమే. నెట్‌కు దారి వేరే.

వారం ముందు: ఆ దారేదో తేల్చుకోండి

వారం, పది రోజుల టూరైతే మన కంపెనీ రోమింగ్ ప్యాకే సుఖం. వేయించే ముందు కస్టమర్ కేర్‌ను నాలుగు ప్రశ్నలు అడగండి. విమానం మారే దేశం కూడా ప్యాక్‌లో ఉందా? వచ్చే కాల్స్ కూడా నిమిషాల్లోంచి పోతాయా? ప్యాక్ ఈ రోజే మొదలవుతుందా, అక్కడ సిగ్నల్ అందుకున్నాకా? డేటా అయిపోతే ఆగిపోతుందా, మామూలు రేటు పడుతుందా? ప్రీపెయిడ్ వాళ్లు ఇంకోటి చూసుకోవాలి. రోమింగ్ ప్యాక్ ఉన్నా, ఇక్కడి మామూలు రీఛార్జ్ గడువు మధ్యలో అయిపోకూడదు.

పిల్లల దగ్గర ఐదారు నెలలు ఉండే అమ్మానాన్నలకు ప్యాక్ దండగ. పిల్లల ఫ్యామిలీ ప్లాన్‌లో ఇంకో లైన్ కలపమనండి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు పనికి పోయేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, దిగగానే అక్కడి సిమ్ తీసుకుంటారు.

ఈ రెండిటికీ మధ్యస్తంగా ఉండేది ఈసిమ్, అంటే ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోన్‌లోకే ఎక్కించుకునే సిమ్. మీ ఫోన్‌లో పనిచేస్తుందో లేదో తెలియాలంటే *#06# డయల్ చేయండి. ఐఎంఈఐ నంబర్లతోపాటు ఈఐడీ అనే పొడుగాటి నంబర్ కూడా కనిపిస్తే పనిచేస్తుంది. ఆన్‌లైన్‌లో కొనే ట్రావెల్ ఈసిమ్‌లు చాలావరకు డేటాకే, కాల్స్‌కు నంబర్ ఉండదు. దాన్ని ఇంట్లో వైఫై ఉండగానే ఎక్కించుకోండి. క్యూఆర్ కోడ్ మీ ఫోన్‌కే వస్తుంది, అదే ఫోన్‌తో దాన్ని స్కాన్ చేయడం ఎట్లా? ఇంకో ఫోన్‌కు పంపి అందులో చూపించండి, లేదా ప్రింట్ తీయించండి. మేం ఇది శంషాబాద్‌లో గేటు దగ్గర కూర్చున్నాక తెలుసుకున్నాం.

కొడుకో బిడ్డో అమెరికా నుంచి పంపిన ఫోనైతే రెండు చిక్కులుంటాయి. అది అక్కడి కంపెనీకి లాక్ అయి ఉంటే వేరే సిమ్ పట్టదు, అన్‌లాక్ చేయించమనండి. పైగా 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే వాటికి సిమ్ ట్రేనే లేదు. ఇక్కడి సిమ్‌ను ఈసిమ్‌గా మార్పించుకోవాల్సిందే.

ముందురోజు: సెట్టింగ్స్

ఇక్కడి సిమ్‌కు డేటా రోమింగ్ ఆఫ్ చేయండి. మొబైల్ డేటాకు కొత్త సిమ్‌ను ఎంచుకోండి. ఒకదానికి సిగ్నల్ లేకపోతే ఇంకోదానికి మారే డేటా స్విచింగ్ ఆప్షన్ ఉంటే అదీ ఆపేయండి, సందు దొరికితే పాత సిమ్ నెట్ వాడేస్తుంది. రోమింగ్ ప్యాక్ మీద పోయేవాళ్లు మాత్రం అక్కడ దిగాకే డేటా రోమింగ్ ఆన్ చేసుకోవాలి.

ఆండ్రాయిడ్ ఫోన్ అయితే వాట్సాప్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి పోతే రోమింగ్‌లో ఉన్నప్పుడు ఏవి దిగాలో అడుగుతుంది. అన్నిటికీ టిక్ తీసేయండి. ఫొటోల బ్యాకప్ వైఫైలోనే జరిగేటట్టు పెట్టండి. పోయే ఊరి మ్యాప్‌ను గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్‌గా దింపుకోండి. మనకొచ్చే కాల్స్‌ను ఇంకో నంబర్‌కు మళ్లించే కాల్ ఫార్వర్డింగ్ ఉంటే ##002# కొట్టి తీసేయండి, లేకపోతే ఎత్తని కాల్‌కూ ఛార్జీ పడొచ్చు.

నంబర్లన్నీ +91తో సేవ్ చేసుకోండి. అక్కడి నుంచి ఉత్త పది అంకెలు కొడితే కలవదు. వరంగల్ ల్యాండ్‌లైన్ అయితే 0870లోని సున్నా తీసేసి +91 870 అని మొదలుపెట్టాలి. సున్నా బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే ప్లస్ గుర్తు వస్తుంది. మా అత్తమ్మకు ఈ ఒక్కటి నేర్పడానికే ఒక సాయంత్రం పట్టింది.

విమానంలో, దిగాక

ఏరోప్లేన్ మోడ్ పెట్టాలని అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది, కొన్ని విమానాలకు సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉంటుందని. దాని రేట్లు నేలమీది రోమింగ్‌కన్నా బాగా ఎక్కువ, మామూలు ప్యాక్‌లలో అది ఉండకపోవచ్చు.

ఓటీపీ రావడానికి డేటా అక్కర్లేదు. ఇక్కడి సిమ్‌కు ఇంటర్నేషనల్ రోమింగ్ సేవ యాక్టివ్‌గా ఉండి, సిగ్నల్ అందితే చాలు. వచ్చే ఎస్సెమ్మెస్‌లకు మామూలుగా డబ్బు పడదు, పంపితే పడుతుంది. కాల్ ఎత్తినా పడుతుంది. పర్సనల్ లోన్ కావాలా అని అడిగేవాళ్లకు నిమిషానికి ఇంతని కట్టి మరీ వద్దని చెప్పుకోకండి. సిమ్ మారినా వాట్సాప్ పాత నంబర్ మీదే నడుస్తుంది. నంబర్ మార్చమంటారా అని అడిగితే వద్దనండి.

దుబాయి పోయేవాళ్లకు ఒక మాట. యూఏఈలో వాట్సాప్ మెసేజ్‌లు, వాయిస్ నోట్‌లు పోతాయి గానీ వాట్సాప్ కాల్స్‌ను ఆపేస్తారు. అక్కడివాళ్లు బోటిమ్ లాంటి యాప్‌లు వాడతారు. ఇంట్లోవాళ్ల ఫోన్‌లోనూ దాన్ని ముందే వేసి, ఒకసారి మాట్లాడి చూడండి.

అమెరికా పోయిన మనవాళ్లలో నయాగరా చూడకుండా వచ్చేది తక్కువే. అక్కడ అమెరికా ఒడ్డున నిలబడ్డా ఫోన్ కెనడా టవర్‌ను పట్టేసుకోవచ్చు. నెట్‌వర్క్ సెలక్షన్‌లో ఆటోమేటిక్ తీసేసి మీ నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకోండి. బాపు రెండోసారి పోయినప్పుడు ఇదే చేయించాం.

ఇంత చేసినా బిల్లు ఎక్కువొస్తే కట్టే ముందు వివరంగా లెక్క అడగండి. కంపెనీ ఫిర్యాదు కేంద్రం జవాబు నచ్చకపోతే, అదే కంపెనీలో ఆ జవాబు మీద అప్పీలు వినే అప్పిలేట్ అథారిటీ ఉంటుంది. దోహా బిల్లుకు మేమూ లెక్క అడిగాం. ఏ నిమిషాన ఎన్ని ఎంబీలో వరసగా రాసి పంపారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, కట్టేశాం.