మన రేవుకు మన మాట: పర్యాటక ప్రచార పాఠాలు - మూడవ పాఠం

గత పాఠంలో మనం కోనసీమలోని దిండి దగ్గర, వశిష్ఠ గోదావరి ఒడ్డున, సొంత కొబ్బరితోటలో నాలుగు గదుల హోమ్‌స్టే నడుపుతున్న ఒక కుటుంబాన్ని ఊహించుకొని, వారి ప్రధాన అతిథి ఎవరో తేల్చుకున్నాం. హైదరాబాదు నుంచి పిల్లలతో రెండు రాత్రుల కోసం వచ్చే కుటుంబమే ఆ అతిథి. ఆ కుటుంబానికి ఈ హోమ్‌స్టే తన గురించి ఏ మాట చెప్పాలి, ఆ మాటను ఏ నెలలో చెప్పాలి అన్నది ఈ పాఠం.

ముందుగా మన ప్రాంతంలో పాతుకుపోయిన ఒక అలవాటును వదిలించుకోవాలి. ఫ్లెక్సీ మీద, కరపత్రం మీద, వాట్సాప్ స్టేటస్‌లో కోనసీమను 'ఆంధ్రా కేరళ' అని రాయడం పరిపాటి అయిపోయింది. మెచ్చుకోలుగానే అంటున్నా, ఆ మాట చదివిన వారి మనసులో ముందు మెదిలేది కేరళే. మన డబ్బుతో మనం వారికి ప్రచారం చేసిపెడుతున్నాం. పైగా, ఖర్చు పెట్టగలిగిన వారు అసలుకే వెళ్దామనుకుంటారు, వెళ్లలేని వారు మన దగ్గరకు వచ్చి అక్కడి ఫోటోలతో పోల్చి చూసుకుంటారు. కేరళ పర్యాటక శాఖ 1989లో 'గాడ్స్ ఓన్ కంట్రీ' అనే నినాదాన్ని చేపట్టినప్పుడు తమ నేలను మరో నేలతో పోల్చలేదు. అక్కడి హౌస్‌బోట్లు కూడా ఒకప్పుడు కాలువల మీద ధాన్యం మోసిన కెట్టువళ్లం అనే పడవల నుంచి పుట్టినవే. తమ ఊరి పాత వస్తువునే వారు అతిథికి కొత్తగా చూపించారు. వారి నుంచి మనం నేర్చుకోవలసింది ఆ పద్ధతి, తెచ్చుకోవలసింది ఆ పేరు కాదు.

మరి మన పాత వస్తువు ఏది? 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి సాగే కాలువలు, లంకలు, పంటు (జనాన్నీ బళ్లనూ దాటించే పడవ) ఆగే రేవులు, కనుమనాడు కౌశిక నదిని దాటి జగ్గన్నతోటకు చేరే ప్రభలు, ఎర్రనీటికి ఎదురీదే పులస. ఇవన్నీ డెల్టా మొత్తానివి కాబట్టి ఏ ఒక్క వ్యాపారానికీ గుర్తింపు కాలేవు. 'కోనసీమ' అన్న పేరూ అంతే, అది అందరిదీ. ఉత్త ఊరి పేరునో ప్రాంతం పేరునో ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకోవడానికి 1999 నాటి చట్టం సాధారణంగా ఒప్పుకోదు. బోర్డు మీద ప్రాంతం పేరు ఉండవచ్చు, కానీ దాని పక్కన మీ తోటకు మాత్రమే చెందిన మాట ఒకటి ఉండి తీరాలి.

ఆ మాట ఎలా దొరుకుతుందో చూద్దాం. మన హోమ్‌స్టే వారు మొదట రాసుకున్న ప్రకటన ఇది:

"ప్రకృతి ఒడిలో స్వర్గధామం! నదీతీరాన సకల సౌకర్యాలతో గదులు, నోరూరించే గోదావరి వంటకాలు. త్వరపడండి!"

ఇందులో ఒక్క అబద్ధమూ లేకపోవచ్చు. కానీ పేరు మార్చి నది ఒడ్డున ఉన్న ఏ హోటల్‌కు తగిలించినా సరిపోతుంది. అలా సరిపోయే ప్రకటన ఎవరికీ పనికిరాదు. 'నదీతీరాన' అన్న మాట చూసి నేను ఒకసారి గది తీసుకొని వెళ్తే, నీరు కనిపించడానికి ఏటిగట్టు ఎక్కి, మెరకపొలాలు దాటి చాలా దూరం నడవవలసి వచ్చింది. గది శుభ్రంగానే ఉంది, భోజనమూ బాగుంది, అయినా నేను మళ్లీ అక్కడికి వెళ్లలేదు. దూరం ముందే చెప్పి ఉంటే నడక నాకు ఇష్టమే అయ్యేది.

అందువల్ల రెండవ ప్రతిని ఇలా రాశాం:

"మా అరుగు నుంచి వశిష్ఠ రేవుకు 120 అడుగులు. ఉదయం కొబ్బరి దింపు చూసి, అప్పుడే దింపిన బోండాలు పిల్లలతో తాగించండి. మధ్యాహ్నం ఆవ పెట్టిన పనసపొట్టు కూరతో మా ఇంటి భోజనం. పాలకొల్లు స్టేషన్‌లో దిగండి, చించినాడ వంతెన మీదుగా మా కారులో తీసుకొస్తాం."

ఇది ఎంతో మెరుగు, కానీ దీనిలోనూ తప్పు ఉంది. ఒక తోటలో దింపు రోజూ జరగదు, నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి వస్తుంది. పనసపొట్టు కూడా ఏడాది పొడవునా దొరికేది కాదు. కనుక 'దింపు రోజులు ముందే అడిగి రండి' అని, 'ఆ కాలంలో దొరికే కూరతో భోజనం' అని దిద్దుకోవాలి. పులస విషయంలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. వరద రోజుల్లో తప్ప దొరకని చేపను శీతాకాలపు కరపత్రంలో వేయడం, సముద్రంలో పట్టిన ఇలస పెట్టి పులస అని చెప్పడం, తప్పుదారి పట్టించే ప్రకటనల కిందికే వస్తాయి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అటువంటి ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు.

పడవ షికారు ఫోటోల గురించి ఒక్క మాట. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి పదుల మంది చనిపోయారు. ఆ తరువాత గోదావరి మీద పడవ అనగానే తల్లిదండ్రులు మొదట చూసేది పిల్లల ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉందా అనే. జాకెట్ లేని ఫోటో ఎంత అందంగా ఉన్నా వేయకండి, జాకెట్లు లేకుండా పడవ అసలే నడపకండి.

ఇక ఎప్పుడు చెప్పాలన్నది. మన వాళ్లు ప్రచారపు డబ్బంతా సంక్రాంతికి ముందే ఖర్చు చేసేస్తారు. సంక్రాంతికి ఊరంతా బంధువులే, ప్రకటన లేకపోయినా గదులు నిండుతాయి. కార్తికంలో ద్రాక్షారామం, కోటిపల్లి వచ్చే యాత్రికుల్లో కొందరు ఒక రాత్రి ఉండిపోతారు. డబ్బు అవసరమయ్యేది గదులు ఖాళీగా ఉండే వారాలకు. ప్రయాణం నిర్ణయమయ్యేది బయలుదేరే రోజున కాదు, సెలవు దొరుకుతుందని తెలిసిన రోజున, ఇంట్లో భోజనాల దగ్గర. కాబట్టి ఖాళీ వారానికి నెల ముందు, హైదరాబాదులోని మీ పాత అతిథులకే మొదట ఫోన్‌లో చెప్పండి. కొత్తవారి కోసం పెట్టే ప్రకటన దాని తరువాతి మెట్టు.

అభ్యాసం: ఒక టేపు తీసుకొని మీ గడప నుంచి నీటి వరకు, బస్సు స్టాపు వరకు, వంటింటి వరకు కొలవండి. గత ఏడాది రిజిస్టరు తెరిచి, నెలకు ఎన్ని రాత్రులు గదులు ఖాళీగా ఉన్నాయో పన్నెండు గడుల్లో రాయండి. ఆ కొలతల్లో ఒకటి, ఆ నెలలో మీ తోటలో నిజంగా జరిగే పని ఒకటి కలిపి, ఖాళీ ఎక్కువగా ఉన్న నెల కోసం నాలుగు వాక్యాల ప్రకటన రాయండి. రాశాక మీ పేరు కొట్టేసి పక్క ఊరి వారి పేరు పెట్టి చదవండి. అప్పటికీ సరిపోతే మళ్లీ రాయండి. వచ్చే పాఠంలో ఆ ప్రకటన చూసి ఫోన్ చేసిన వారితో ఏం మాట్లాడాలో చూద్దాం, కాగితం దగ్గర పెట్టుకోండి.