గళ్ళ కాయితం మీద హైదరాబాద్ మెట్రో మ్యాప్ మనమే గీసుకోవడం ఎలా

మెట్రో మ్యాప్ గీద్దామనుకున్న ఎవరైనా ముందు చేసేది గూగుల్ మ్యాప్స్ తెరిచి దాని మీద లైన్లు ట్రేస్ చెయ్యడం. నేనూ మొదట అదే చేశా, దయచేసి మీరు చెయ్యొద్దు. అలా గీస్తే మెలికలన్నీ వచ్చేస్తాయి, స్టేషన్లు దగ్గరదగ్గరగా ఉన్న చోట పేర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి, దూరంగా ఉన్న చోట కాయితం ఖాళీగా పడుంటుంది. రైలెక్కే మనిషికి రోడ్డు ఎక్కడ వంపు తిరిగిందో అక్కర్లేదు కదా, ఏ లైను ఎక్కాలి, ఎటు వెళ్ళేది ఎక్కాలి, ఎక్కడ దిగి మారాలి, ఇంకెన్ని స్టేషన్లు ఉన్నాయి, అంతే. లండన్ అండర్‌గ్రౌండ్‌కి డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసిన హ్యారీ బెక్ 1931లో ఇదే ఆలోచించి అడ్డం, నిలువు, 45 డిగ్రీల ఏటవాలు గీతలు తప్ప ఇంకేం వాడకుండా మ్యాప్ గీశాడు, 1933లో అది అచ్చయింది, ఇవ్వాళ్టికీ ప్రపంచంలో సగం మెట్రోలు ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయని నా లెక్క. మనమూ ఆ మూడు రకాల గీతలతోనే వెళ్దాం.

కంప్యూటర్ ఇప్పుడే వద్దు. పిల్లల లెక్కల గళ్ళ పుస్తకంలోంచి రెండు కాయితాలు, పెన్సిలు, రబ్బరు తీసుకోండి. చాలామంది మియాపూర్ నుంచి మొదలుపెట్టి వరసగా గీసుకుంటూ పోతారు, సగంలోకి వచ్చేసరికి ఇరుక్కుపోతారు. లైన్లు కలిసే చోట్ల నుంచి మొదలుపెట్టాలి. మనకి అలాంటివి మూడున్నాయి: రెడ్, బ్లూ కలిసే అమీర్‌పేట, రెడ్, గ్రీన్ కలిసే ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్), బ్లూ, గ్రీన్ కలిసే పరేడ్ గ్రౌండ్-జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్). ఈ మూడింటినీ కలిపితే ఒక ముక్కోణం వస్తుంది, దాని మధ్యలో హుస్సేన్ సాగర్ ఉంటుంది. ఇది నాకు నాలుగో డ్రాఫ్ట్‌లో కానీ తట్టలేదు, తట్టాక మాత్రం పని సగం అయిపోయినట్టే అనిపించింది.

ఇప్పుడు ఈ ముక్కోణం అంచుల మీద గ్యాప్‌లు లెక్కపెట్టండి. గ్యాప్ అంటే ఒక స్టేషన్ నుంచి పక్క స్టేషన్‌కి మధ్య దూరం. అమీర్‌పేట నుంచి పరేడ్ గ్రౌండ్‌కి మధ్యలో బేగంపేట, ప్రకాశ్‌నగర్, రసూల్‌పురా, పారడైజ్, అంటే 5 గ్యాప్‌లు. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్‌కి 8. అమీర్‌పేట నుంచి ఎంజీబీఎస్‌కి 9. కాయితం మీద అమీర్‌పేట చుక్క పెట్టి అక్కణ్ణించి కుడివైపుకి 5 గళ్ళు తిన్నగా వెళ్ళండి, అది పరేడ్ గ్రౌండ్. అక్కణ్ణించి తిన్నగా కిందికి 8 గళ్ళు, అది ఎంజీబీఎస్. మళ్ళీ అమీర్‌పేట దగ్గరికొచ్చి 3 గళ్ళు కిందికి దిగితే పంజాగుట్ట, ఇర్రుం మంజిల్, ఖైరతాబాద్ అయిపోతాయి, అక్కణ్ణించి 45 డిగ్రీల్లో 5 గళ్ళు ఏటవాలుగా కిందికి వెళ్తే సరిగ్గా ఎంజీబీఎస్ చుక్క మీదే వచ్చి కూర్చుంటుంది. ఆ ఏటవాలు గీత మీద లక్డీకాపూల్, అసెంబ్లీ, నాంపల్లి, గాంధీభవన్, ఉస్మానియా మెడికల్ కాలేజ్ ఐదింటినీ సమానంగా సర్దండి. అక్కడ గ్యాప్ మిగతా చోట్ల కంటే కొంచెం పెద్దదవుతుంది, కంటికి తెలీదు. మలుపు మీద మాత్రం స్టేషన్ చుక్క పెట్టకండి, ఖైరతాబాద్‌ని మలుపుకి ఒక పిసరు పైన పెట్టి ఆ మూల గుండ్రంగా తిప్పండి.

మిగిలినవి చేతుల్లాంటివి, తేలిక. అమీర్‌పేట నుంచి మియాపూర్ వైపు 10 గ్యాప్‌లు, పైకి ఎడమకి ఏటవాలుగా. అక్కణ్ణించే రాయదుర్గం వైపు 9, కిందికి ఎడమకి ఏటవాలుగా. దీన్ని అడ్డంగా గీస్తే రోడ్ నంబర్ 5 జూబ్లీహిల్స్, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ అనే రెండు పొడుగు పేర్లు పక్కపక్కన గుద్దుకుంటాయి, ఏటవాలు అయితే ఒక్కో పేరుకి ఒక్కో వరస దొరుకుతుంది. పరేడ్ గ్రౌండ్ నుంచి నాగోల్ వైపు 8, ఎంజీబీఎస్ నుంచి ఎల్బీనగర్ వైపు 7, రెండూ కిందికి కుడికి ఒకదానికొకటి సమాంతరంగా పోతాయి. అన్నీ అయ్యాక పరేడ్ గ్రౌండ్, జేబీఎస్ రెండింటినీ వేరేగా చూసి చుక్కలు లెక్కేస్తే మొత్తం 57 రావాలి, రాకపోతే ఎక్కడో ఒకటి మింగేశారన్నమాట.

హుస్సేన్ సాగర్ గురించి కూడా చెప్పాలి, చాలామంది నీళ్ళు, పార్కులు దండగ అని తీసేస్తారు, నేను ఒప్పుకోను. న్యూయార్క్ సబ్‌వేకి 1972లో మాసిమో విన్యెల్లి గీసిన మ్యాప్ చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉండేది, కానీ అందులో నాలుగు కిలోమీటర్ల పొడుగు, కిలోమీటరు కూడా వెడల్పు లేని సెంట్రల్ పార్క్ ఇంచుమించు చతురస్రం అయిపోయింది, నీళ్ళేమో లేత గోధుమ రంగులో ఉన్నాయి, తమ ఊరు తమకి తెలిసిన ఆకారంలో కనపడలేదని జనం గొడవపడ్డారు, 1979లో దాన్ని మార్చేశారు. మనవాళ్ళకి ట్యాంక్‌బండ్ ఎటుందో తెలిస్తే మిగతా ఊరంతా దాన్నిబట్టి అర్థమైపోతుంది. అందుకని ముక్కోణం మధ్యలో నీలం రంగులో, మూలలు అవే 45 డిగ్రీల్లో కోసి, చెరువు వెయ్యండి, మూసీ ఒక పాయలా ఎంజీబీఎస్ దగ్గర పోనివ్వండి, అంతకంటే వద్దు. అలాగే ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా మొదటి ప్లాన్‌లో ఉండి కట్టకుండా ఆగిపోయిన ముక్కని చుక్కల గీతగా చూపించాలని చెయ్యి లాగుతుంది, చూపించకండి. రైలు నడవని గీత మ్యాప్ మీద ఉంటే ఎవరో ఒకరు దాన్ని నమ్మి ప్లాట్‌ఫాం మీద నిలబడతారు.

కలిసే స్టేషన్లన్నీ ఒకే గుర్తుతో వెయ్యకూడదు, ఇది మా పిన్ని వల్ల తెలిసింది. తను సిద్దిపేట నుంచి బస్సులో జేబీఎస్‌లో దిగి దిల్‌సుఖ్‌నగర్ రావాలి. నా మొదటి మ్యాప్ చేతిలో పెట్టి "ఎట్లొస్తవో చూపియ్యి పిన్నీ" అన్నా. వేలు జేబీఎస్ మీద పెట్టి తిన్నగా బ్లూ లైను మీద అమీర్‌పేట దాకా పోయి, అక్కణ్ణించి రెడ్ లైన్‌లో కిందికి దిగింది. ఎంజీబీఎస్ దాకా గ్రీన్ లైన్‌లో 8 స్టేషన్లలో అయిపోయే దానికి 14 తిరిగింది. "గిదే కదరా తిన్నగ కనబడుతుంది" అంది. తప్పు నాదే, జేబీఎస్, పరేడ్ గ్రౌండ్ రెండింటినీ ఒకే చుక్క చేసేశాను. నిజానికి అవి రెండు వేరే స్టేషన్లు, మధ్యలో స్కైవాక్ మీద నడవాలి. అమీర్‌పేట, ఎంజీబీఎస్ అయితే ఒకే బిల్డింగ్‌లో అంతస్తు మారితే సరిపోతుంది. అందుకే ఆ రెండు చోట్ల ఒక పెద్ద తెల్ల గుండ్రం, ఇక్కడ మాత్రం రెండు గుండ్రాలు, మధ్యలో చిన్న వంతెన గీత వెయ్యండి. చివరి స్టేషన్ల పేర్లు కూడా లావుగా రాయండి, ఎంజీబీఎస్‌లో మారాక తను వెతుక్కోవాల్సింది ఎల్బీనగర్ అనే మాటని, దిల్‌సుఖ్‌నగర్‌ని కాదు.

ఇప్పుడు కంప్యూటర్ తియ్యండి, ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దొరుకుతుంది, చాలు. తెలుగు పేర్లు మొదట పెట్టండి, ఇంగ్లిష్‌వి కింద చిన్నగా. చాలామంది తెలుగుని మిగిలిన జాగాలో ఇరికిస్తారు, అక్కడే చెడుతుంది, మన అక్షరాలకి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్‌కి వదిలినంత జాగా వదిలితే ఒత్తులు కింద గీతలో మునిగిపోతాయి. ముందు తెలుగు పేరుకి సరిపడా జాగా చూసుకుని గళ్ళ సైజు దాన్నిబట్టి పెట్టుకోండి. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి ఫాంట్లు చిన్న సైజులోనూ చదవడానికి బావుంటాయి. అమీర్‌పేట టైప్ చేసేటప్పుడు ర్ తర్వాత అక్షరాల్ని కలవనివ్వని, కంటికి కనపడని నాన్-జాయినర్ (ZWNJ) క్యారెక్టర్ పెట్టకపోతే అది అమీర్పేట అయిపోతుంది, ర కింద పకారం ఒత్తు వచ్చేస్తుంది, స్టేషన్ బోర్డు చూసి మ్యాప్ చూస్తే రెండు వేరే పేర్లలా ఉంటాయి. దిల్‌సుఖ్‌నగర్‌కీ ఇదే సమస్య. పేర్లు ఏటవాలుగా తిప్పకండి, తెలుగు అలా తిప్పితే మెడ నొప్పి, అడ్డంగా పోయే బేగంపేట వరసలో ఒకటి పైన ఒకటి కింద పెట్టండి.

రంగులు ఎలాగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం, అవి మన చేతిలో లేవు. కానీ ఎరుపు, ఆకుపచ్చ తేడా కనపడని మగాళ్ళు తక్కువేం కాదు, పైగా అవి రెండూ ఎంజీబీఎస్ దగ్గర కలుస్తున్నాయి. అందుకని ప్రతి లైను చివరా పేరుతో చిన్న డబ్బా వెయ్యండి. పక్క వీధి జిరాక్స్ షాపులో ఒక బ్లాక్ అండ్ వైట్ కాపీ తీయించి చూడండి, రెండు లైన్లూ ఒకే బూడిద రంగులోకి వస్తే ఒకదాన్ని కాస్త ముదురు చెయ్యాలి.

ఆఖర్న ఊరికి కొత్తవాళ్ళకి ఇచ్చి ఒక్క ప్రయాణం అడగండి, నోరు మెదపకుండా వేలు ఎటు పోతుందో చూస్తూ కూర్చోండి. రెండోసారి పిన్ని వేలు జేబీఎస్ నుంచి కిందికి దిగి, ఎంజీబీఎస్ గుండ్రం దగ్గర ఆగి, "ఈడ మారాలె" అని దిల్‌సుఖ్‌నగర్ మీద ఆగింది. ఆ కాపీనే మడిచి బ్యాగులో పెట్టుకుని పోయింది.