చీకటి సీన్లు బూడిద ముద్ద, మాటలు గొణుగుడు: నేనేం మార్చానంటే

బ్యాట్‌మాన్ సినిమా 'ద డార్క్ నైట్' 4కె డిస్క్ పెట్టిన మొదటి రాత్రే నీరసం వచ్చేసింది. నల్ల సూటు, నల్ల కేప్, నల్ల ఆకాశం, మూడూ కలిసి ఒకటే బూడిద ముద్ద. మాటలేమో గొణుగుడు, పేలుడు రాగానే రిమోట్ కోసం వెతుకులాట.

డిస్క్‌ని అనుమానించాను, అనవసరంగా. టీవీలో ప్లేయర్ కేబుల్ పెట్టిన హెచ్‌డీఎంఐ పోర్టు మామూలు మోడ్‌లో ఉంది. 'ఎన్‌హాన్స్‌డ్' చేయగానే హెచ్‌డీఆర్ (చీకటి వెలుగుల తేడాని బాగా చూపే పద్ధతి) గుర్తు వెలిగింది. పిక్చర్ మోడ్ 'వివిడ్' నుంచి 'ఫిల్మ్‌మేకర్'కి మార్చి, మోషన్ స్మూతింగ్ ఆపేశాను. సెకనుకు 24 ఫ్రేముల సినిమాకి టీవీ సొంతంగా ఫ్రేములు అల్లితే సీరియల్‌లా కనిపించదా మరి! ఇప్పుడు కేప్ మడతలు, కవచం మీది గీతలు విడివిడిగా తెలుస్తున్నాయి.

సౌండ్‌దే అసలు తంటా. ప్లేయర్ ఆడియో స్టీరియో పీసీఎంలో ఉంది, 5.1 (ఆరు ఛానెళ్ల) ట్రాక్ మొత్తాన్ని రెండు ఛానెళ్లలోకి కుక్కి పంపుతోంది. 'బిట్‌స్ట్రీమ్' (డిస్క్‌లోని సౌండ్‌ని ఉన్నదున్నట్టు పంపడం) చేశాక రిసీవర్ (స్పీకర్లను నడిపే పెట్టె) మీద డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో అని డిస్క్‌లోని అసలు ట్రాక్ పేరు పడింది. మాటలు ఎక్కువగా సెంటర్ స్పీకర్ నుంచే వస్తాయి కాబట్టి దాన్ని 3 డెసిబెల్స్ పెంచాను. రాత్రిళ్లు మాత్రం నైట్ మోడ్; పేలుళ్లు అణుగుతాయి, కాకపోతే కాస్త పస పోతుంది.

ఒక్కటి మాత్రం బాగుచేయలేదు: పైనా కిందా నల్ల పట్టీలు వస్తూ పోతూ ఉండటం. గంటసేపు సెట్టింగులు కెలికాక తెలిసింది, ఐమాక్స్ కెమెరాతో తీసిన సీన్లే తెర నిండా వస్తాయట, మిగతావి 2.40:1, అంటే ఎత్తుకి 2.4 రెట్లు వెడల్పు, అందుకే పట్టీలు. ఆ గంట వృథా.