చిన్న గాలిమరతో ఇంటి హీట్ పంపు నడపడం ఎలా?

రాయలసీమలోని రామగిరి, పెనుకొండ కొండల వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి ఎలా తోస్తుందో అక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ గాలితో ఇంటికి వేడినీళ్లు కాచుకోవాలంటే గీజర్ జోలికి పోకండి. 200 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు తేవడానికి గీజర్‌కు 7 యూనిట్లు కావాలి. హీట్ పంపు బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లకు ఇస్తుంది కాబట్టి అదే పని రెండున్నర యూనిట్లలోపే చేస్తుంది.

కావలసినవి: 3.6 మీటర్ల రెక్కల వ్యాసం, 48 వోల్టుల, 3 కిలోవాట్ల గాలిమర. స్టే వైర్లతో నిలిచే 18 మీటర్ల టవర్. 12 వోల్టుల 200 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు నాలుగు. 5 కేవీఏ సైన్‌వేవ్ ఇన్వర్టర్. బ్యాటరీల చార్జింగ్‌ను అదుపు చేసే చార్జ్ కంట్రోలర్, బ్యాటరీలు నిండాక మిగిలే కరెంటును వేడిగా ఖర్చుచేసే రెసిస్టర్ల పెట్టె (డంప్ లోడ్), మూడు ఫేజుల బ్రేక్ స్విచ్. 200 లీటర్ల హీట్ పంపు.

1. టవర్. చుట్టుపక్కల 100 మీటర్లలో ఉన్న చెట్టుకన్నా, మిద్దెకన్నా రెక్కలు 9 మీటర్లు పైన ఉండాలి. మిద్దె మీద బిగించడం వద్దు. అక్కడ గాలి సుడులు తిరుగుతుంది, అదురు గోడల్లోకి దిగుతుంది. గాలి వేగం సగమైతే కరెంటు సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సెకనుకు 10 మీటర్ల గాలి వేగంలో దాదాపు 1,400 వాట్లు ఇచ్చే మర 5 మీటర్ల దగ్గర 175 ఇస్తుంది. అందుకే డబ్బు పెద్ద మర మీద కాదు, ఎత్తు మీద పెట్టాలి.

2. తీగ. టవర్ ఎత్తు కూడా కలుపుకొని 50 మీటర్లు దాటనివ్వకండి. 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేసినా, నిండు గాలిలో పదో వంతు తీగలోనే ఆవిరవుతుంది.

3. డంప్ లోడ్. అసలు పనంతా ఇక్కడే ఉంది. సోలార్ పలకను తీగ ఊడదీసి వదిలేస్తే దానికేమీ కాదు. గాలిమర అలా కాదు. కరెంటు లాగేవాడు లేకపోతే రెక్కలను పట్టి ఆపేదేమీ ఉండదు. వేగం పెరుగుతూనే పోయి రెక్క విరగడమో, వోల్టేజీ ఎగసి కంట్రోలర్ కాలడమో జరుగుతుంది. సోలార్ అలవాటున్న ఎలక్ట్రీషియన్లు మరకూ కంట్రోలర్‌కూ మధ్య ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే ఆపేసే స్విచ్) పెడతారు. పెట్టనివ్వకండి. పెద్ద గాలిలో అది ట్రిప్ అయిందంటే, భారం అవసరమైన క్షణంలోనే మర ఖాళీగా తిరుగుతుంది. బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ మాత్రం తప్పనిసరి. అది ఎగిరిపోయినా డంప్ లోడ్‌ను పనిచేయించే కంట్రోలరే కొనండి.

డంప్ లోడ్ మర పూర్తి శక్తిని మింగాలి. బ్యాటరీలు నిండే 57.6 వోల్టుల దగ్గర 3,000 వాట్లు అంటే రెసిస్టెన్స్ 1.1 ఓములు. కాస్త వెసులుబాటుకు 0.9 తీసుకోండి. ఇంట్లో పడి ఉన్న 230 వోల్టుల 1,500 వాట్ల గీజర్ కాయిల్ సరిపోతుందనుకోవడం మామూలుగా చేసే తప్పు. దాని రెసిస్టెన్స్ 35 ఓములు, 57.6 వోల్టుల దగ్గర అది లాగేది 95 వాట్లే. 48 వోల్టుల కాయిల్‌ను నీళ్ల ట్యాంకులోనే దింపాలనిపించవచ్చు. నీళ్లు కాగాక థర్మోస్టాట్ దాన్ని ఆపేస్తే మళ్లీ మర ఖాళీ. కాబట్టి రెసిస్టర్లను గాలి ఆడే ఇటుక గోడకు, బ్యాటరీలకు దూరంగా బిగించండి.

పరీక్ష మంద గాలిలో చేయాలి. బ్యాటరీ నిండాక హీట్ పంపు ఆపండి. వోల్టేజీ 57.6 దగ్గర నిలబడాలి, రెసిస్టర్ పెట్టెకు జానెడు దూరంలో చెయ్యి పెడితే సెగ తగలాలి. చెవి కూడా పెట్టండి: భారం మోసే మర గుమ్మని ఒకే తీరున మోగుతుంది, భారం ఊడితే ఆ మోత ఈలలా సన్నబడి పైకి పోతుంది. ఈల వినబడినా, వోల్టేజీ 60 దాటినా గాలి తగ్గిన క్షణం చూసి బ్రేక్ వేయండి. బ్రేక్ అంటే మూడు ఫేజులను కలిపేయడమే. ఈదురుగాలిలో వేస్తే మర ఆగకపోగా వైండింగ్ కాలవచ్చు. కంట్రోలర్ విప్పాలన్నా ముందు బ్రేక్, తర్వాతే తీగలు.

4. హీట్ పంపు. నేరుగా మరకు కలపకూడదు, ఇన్వర్టర్ నుంచే తీయాలి. నడిచేటప్పుడు 4 ఆంపియర్లు లాగే కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు 20 దాకా లాగుతుంది, 5 కేవీఏ అడిగింది అందుకే. బ్యాటరీ వోల్టేజీని బట్టి పంపును ఆన్, ఆఫ్ చేసే వోల్టేజీ రిలేను 54 దగ్గర ఆన్, 48.5 దగ్గర ఆఫ్ పెట్టండి. ఆ 54 కూడా అయిదు నిమిషాలు నిలిచాకే ఆన్ కావాలి, లేకపోతే ప్రతి విసురుకూ కంప్రెసర్ లేస్తుంది. ఆగిన కంప్రెసర్ లోపలి ఒత్తిడి సర్దుకోవడానికి కనీసం మూడు నిమిషాలు కావాలి. అంతకుముందే మొదలైతే తిరగలేక మోటారు వేడెక్కుతుంది. కాగిన నీళ్లను ట్యాంకే దాచుకుంటుంది కనుక బ్యాటరీలు ఇంకా పెంచడం దండగ.

5. చలికాలం. డిసెంబరు, జనవరిలో గాలి పడిపోతుంది, నీళ్లేమో అప్పుడే ఎక్కువ కావాలి. అదే బ్యాటరీలకు వేరే కంట్రోలర్‌తో 1 కిలోవాట్ సోలార్ కలపండి, రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. ఆ నెలల్లో పంపును మధ్యాహ్నం 12 నుంచి 3 లోపు నడపండి. తెల్లవారుజామున చల్లగాలి నుంచి వేడి లాగాలంటే అంతే నీళ్లకు ఎక్కువ కరెంటు ఖర్చవుతుంది.

ఏటా మే నెలలో, గాలులు మొదలవకముందే, మరను కిందికి వంచి రెక్కల బోల్టులు బిగించండి. స్టే వైర్లను, టవర్ ఎర్తింగ్‌ను కూడా అప్పుడే చూసుకోవాలి.