వ్యాక్సింగ్‌కు కూర్చునే ముందు ఆ ట్యూబు పేరు చెప్పండి

మాఘం ముహూర్తాలు దగ్గర పడ్డాయి. పోయిన వారం జడ్చర్ల వైపు నుంచి ఒక పెండ్లిపిల్లను వాళ్ల చిన్నమ్మ మా పార్లర్‌కు తోలుకొచ్చింది. చున్నీ ముక్కు దాకా కప్పుకుని ఉంది. తీసి చూస్తే పై పెదవి మీద, కుడి దవడ మీద రూపాయి బిళ్లంత మేర తోలు లేచిపోయి తడిగా మెరుస్తోంది. ముందు రోజు ఎక్కడో పై పెదవికి, గడ్డానికి వ్యాక్సింగ్ చేయించుకుందట. స్ట్రిప్పు లాగితే వెంట్రుకతో పాటు చర్మమూ ఊడి వచ్చింది. పెండ్లికి తొమ్మిది రోజులే ఉంది.

"ఏదన్న రాసి కప్పెయ్యి అక్కా" అంది చిన్నమ్మ.

నేనేమీ రాయలేదు. "బిడ్డా, రోజూ ముఖానికి ఏం రాస్తున్నవ్?" అని అడిగిన. కాసేపు తల దించుకుని, బ్యాగులో నుంచి పర్సు తీసి, పర్సులో నుంచి ఒక చిన్న ట్యూబు తీసింది. తోక నుంచి మెడ దాకా చుట్టేసి ఉంది, ఆఖరి బొట్టు కూడా పిండుకోవడానికి. రెండేండ్లుగా రాస్తోందట. మెడికల్ షాపులో 'తెల్లగయ్యే ట్యూబు' అంటే ఇచ్చారట.

మహబూబ్‌నగర్‌లో పదహారేండ్లుగా ఈ పని చేస్తున్నాను. మైనం వేడెక్కి కాలినవాళ్లను చూశాను, క్రీము ఎక్కువసేపు ఉంచుకుని మంటతో ఏడ్చినవాళ్లను చూశాను. అవి వారం, పది రోజుల్లో మానుతాయి. నేను చూసినంతలో ముఖం ఏండ్ల తరబడి పాడైనవాళ్లలో ఎక్కువ మంది చేసిన తప్పు ఒక్కటే: స్టిరాయిడ్ ట్యూబు రాస్తూ, ఆ మాట దాచి, ముఖం మీద వెంట్రుకలు తీయించుకోవడం. ఈ సీజన్‌లో మీరు మిగతావన్నీ మర్చిపోయినా సరే, ఇది మర్చిపోవద్దు.

ఆ ట్యూబు ఏం చేస్తుంది

బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్, ఫ్లూసినోలోన్ అనేవి స్టిరాయిడ్లు. ఎగ్జిమా లాంటి చర్మ జబ్బులకు డాక్టర్లు కొలిచి, కొద్ది రోజులకని రాసే మందులు. వీటిలో కొన్నింటిని హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ అనే వేరే మందులతో కలిపి మంగు మచ్చలకు ఇస్తారు. రాసిన వారం రోజుల్లో ముఖం తేటపడుతుంది, మొటిమలు అణుగుతాయి. అందుకే ఒకరి నుంచి ఒకరికి పేరు పాకుతుంది. అక్క రాస్తే చెల్లె రాస్తుంది, చెల్లెను చూసి పక్కింటి పిల్ల రాస్తుంది.

నెలల మీద నెలలు రాస్తే చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది. బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు పైకి కనిపిస్తాయి. ఎండలోకి వెళ్తే, పొయ్యి దగ్గర నిలబడితే ముఖం భగ్గున మండుతుంది. ఇంకొకటి జరుగుతుంది, అది చాలామందికి తెలియదు: రాసిన చోట వెంట్రుకలు పెరుగుతాయి. దవడల మీద, పై పెదవి మీద అంతకుముందు లేని నూగు నల్లబడి కనిపిస్తుంది. అది తీయించుకోవడానికి పార్లర్‌కు వస్తారు. ట్రెటినోయిన్ పైపొరను వదులు చేసి పెడుతుంది, స్టిరాయిడ్ అడుగు దాకా పలచన చేసి పెడుతుంది, దాని మీద మేము మైనం అంటించి లాగుతాం. తోలు రాక ఏమవుతుంది? ఆ పుండు మానడానికి ఇంటికెళ్లి మళ్లీ అదే ట్యూబు రాస్తారు. వెంట్రుకలు ఇంకా పెరుగుతాయి, నెలకు మళ్లీ వస్తారు.

ఇట్లాంటి చాలా ట్యూబులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా దొరుకుతూనే ఉన్నాయి. కాబట్టి మీ ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేర్లు మీరే చదవండి. పెద్ద అక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టుకున్న పేరు, దాంతో పని లేదు. కింద 'సోన్', 'బెటసాల్', 'సినోలోన్' అని కనిపిస్తే ఆ ముఖం మీద వ్యాక్సింగ్ వద్దు, బ్లీచ్ వద్దు, వెంట్రుకలు తీసే క్రీము వద్దు, లేజర్ వద్దు.

ఏండ్లుగా రాస్తున్నవాళ్లు పెండ్లి వారం ఉందనగా భయపడి ఒక్కసారిగా మానేయకండి. మానిన రెండు మూడు రోజుల్లో ముఖం ఎర్రబడి, వాచి, గుల్లలు లేవవచ్చు. ఎట్లా తగ్గించాలో చర్మం డాక్టర్ చెప్పాలి. మహబూబ్‌నగర్‌లోనూ నల్లగొండలోనూ మెడికల్ కాలేజీలకు అనుబంధమైన సర్కారు దవాఖానాలు ఉన్నాయి, అక్కడ చర్మ విభాగం ఉంటుంది. ఓపీ చీటీ తీసుకుని వెళ్లండి. పెండ్లికి మూడు నెలల ముందు వెళ్తే ముఖం కుదురుకోవడానికి సమయం దొరుకుతుంది.

జ్వరం తర్వాత రాలే జుట్టు

ఇదే సీజన్‌లో నా దగ్గరికి వచ్చే రెండో ఏడుపు ఇది. దువ్వెన నిండా జుట్టు, బాత్రూం జాలీలో ఉండ. "మరి పెండ్లి నాటికి బోడిగుండు అయితనా అక్కా?" అని అడుగుతారు.

వానాకాలం చివర డెంగీయో, టైఫాయిడో, వైరల్ జ్వరమో వచ్చి తగ్గిందా అని నేను ముందు అడుగుతాను. చాలామంది అవునంటారు. గట్టి జ్వరం వచ్చినప్పుడు పెరుగుతున్న వెంట్రుకలు ఒక్కసారిగా పెరగడం ఆపి విశ్రాంతిలోకి పోతాయి. పోయినవి వెంటనే రాలవు. రెండు మూడు నెలలకు, కింద కొత్త వెంట్రుక తోసుకొస్తుంటే రాలుతాయి. అందుకే బతుకమ్మ నాటి జ్వరానికి జుట్టు సంక్రాంతికి రాలుతుంది, రెండింటికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. కాన్పు అయిన తల్లులకు, ఆపరేషన్ అయినవాళ్లకు, లెహంగాలో పట్టాలని అన్నం మానేసి పది కిలోలు తగ్గినవాళ్లకు కూడా ఇదే జరుగుతుంది.

మామూలుగానే రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలుతాయి. తలలో లక్ష దాకా ఉంటాయి. ఒక రాలిన వెంట్రుకను తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. కొసన బియ్యపు నూక కన్నా చిన్న తెల్లటి బుడిపె కనిపిస్తే అది కుదురు నుంచి తన సమయానికి రాలింది. బుడిపె లేకుండా తెగిపోయి ఉంటే అది గరుకుదనం వల్ల తెగింది.

బోరు నీళ్లను తిట్టేవాళ్లకు ఇక్కడే జవాబు ఉంది. నల్లగొండ వైపు నీళ్లంటే మనకు భయం, అందులో తప్పు లేదు. ఫ్లోరైడ్ పండ్లను, ఎముకలను ఏం చేసిందో మునుగోడు, మర్రిగూడ వైపు ఊళ్లలో చూసినవాళ్లమే. ఉప్పు నీళ్లకు జుట్టు గరుకై, చిక్కుపడి తెగే మాటా నిజమే. తెల్ల బుడిపెతో రాలేదానికి మాత్రం కారణాన్ని నీళ్లలో వెతకకండి. రక్తం ఎంతుంది, ఐరన్ నిల్వ ఎంతుంది, థైరాయిడ్ ఎట్లుంది, ఈ మూడు పరీక్షలు చేయించుకోండి. జ్వరం వల్ల రాలేది సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల్లో ఆగుతుంది. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి జడలో ఆ ఒత్తు కనిపించడానికి ఏడాది పైనే పట్టవచ్చు. నుదుటి అంచున పొట్టి పొట్టి కొత్త వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉంటే సంతోషించండి, తిరిగి వస్తోందన్నమాట.

గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందనే మాట నిజం కాదు. కత్తి పైనే కోస్తుంది, కుదురును ముట్టదు. యాదగిరిగుట్టకు మొక్కు ఉంటే భక్తితో తలనీలాలు ఇవ్వండి, ఒత్తు కోసమని పెండ్లి ఈడు పిల్లను కూర్చోబెట్టకండి.

పేనుకొరుకుడు వేరు. అణాబిళ్లంత గుండ్రంగా, నున్నగా ఒకచోట జుట్టు పోతుంది. దాని మీద వెల్లుల్లి రుద్దడం, గురివింద గింజ అరగదీసి పూయడం మానండి. పుండు పడి మచ్చ కడితే అక్కడ ఇక జుట్టు మొలవదు. పేనుకొరుకుడుకు డాక్టర్ స్టిరాయిడ్ సూది వేయవచ్చు, స్టిరాయిడ్ పూతే రాయవచ్చు. నేను పైన తిట్టింది మందును కాదు. కొలత లేకుండా, తెలుపు కోసం, రోజూ ముఖానికి రాయడాన్ని తిట్టాను.

లేజర్ అనుకునేవాళ్లకు

లేజర్ వెంట్రుకలోని నలుపును పట్టుకుని కుదురును కాలుస్తుంది. మన చర్మంలోనూ నలుపు ఉంది కాబట్టి మెషీన్ తప్పైనా, కొలత తప్పైనా చర్మం కాలుతుంది. మన రంగుకు ఎన్‌డీ యాగ్ రకం లేజర్ భద్రమని చర్మం డాక్టర్లు చెబుతారు. ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు, ఒక్కోదాని మధ్య నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే వైశాఖంలో పెండ్లి అయితే దసరా నాటికే మొదలు పెట్టాలి. తెల్ల వెంట్రుక మీద పనిచేయదు. 'జన్మలో మళ్లీ రావు' అని రాసిన బోర్డు నమ్మకండి, తగ్గుతాయి, సన్నబడతాయి, అంతే.

గడ్డం కింద ముతక వెంట్రుకలు వస్తూ, నెలసరి తప్పుతూ ఉంటే ముందు ఆడవాళ్ల డాక్టర్‌ను కలవండి. లోపల హార్మోన్ల తేడా ఉంటే ఎన్ని సిట్టింగులు చేసినా మళ్లీ వస్తాయి, వేలకు వేలు పైసలు పోతాయి. సంబంధం చెడిపోతుందని తల్లులు దీన్ని దాస్తున్నారు. దాయకండి.

ఇక మిగతావి. వరుసగా చెప్పేస్తున్నాను, పెండ్లింట్లో ఉన్నవాళ్లందరికీ చదివి వినిపించండి.

- ముఖానికి ఏం రాస్తున్నారో పార్లర్ అక్కకు చెప్పండి. ఆమె అడగకపోయినా చెప్పండి.
- మొటిమలకు ఐసోట్రెటినోయిన్ గోలీలు మింగుతున్నారా? వ్యాక్సింగ్ వద్దు. మానిన తర్వాత కూడా ఆరు నెలలు వద్దు.
- వ్యాక్సింగ్ నలుగుకు ముందురోజు పెట్టుకోవద్దు. పెండ్లికూతురును చేసే రోజుకు నాలుగైదు రోజుల ముందే అయిపోవాలి. అప్పుడే మైనం లాగిన చర్మం మీద సున్నిపిండి రుద్దితే ఒళ్లంతా ఎర్రగుల్లలే.
- ఒకే రోజు ఒకే చోట వ్యాక్సింగ్, బ్లీచ్ రెండూ వద్దు.
- వెంట్రుకలు తీసే క్రీము మీద రాసిన నిమిషాలను గడియారం చూసి పాటించండి. 'ఇంకా ఊడలేదు' అని పొడిగించకండి. కనుబొమ్మల దగ్గర అసలు వద్దు.
- కొత్తది ఏదైనా ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజంతా ఆగండి. జుట్టు రంగుకైతే రెండు రోజులు.
- మైనం వేడి ముందు మీ మణికట్టు మీద చూడమని అడగండి. విసుక్కునేవాళ్ల దగ్గర లేచి వచ్చేయండి.
- వాడిన పుల్ల మళ్లీ మైనంలో ముంచితే అక్కడ చేయించుకోవద్దు.
- షుగర్ ఉన్నవాళ్లు కాళ్లకు వ్యాక్సింగ్ చేయించుకునే ముందు డాక్టర్‌ను అడగండి. చిన్న గాయం కూడా తొందరగా మానకపోవచ్చు.
- పులిపిరి మీద, పుట్టుమచ్చ మీద, జ్వరం గుల్ల మీద మైనం వద్దు.
- లేజర్‌కు ముందు నాలుగు వారాలు వ్యాక్సింగ్, థ్రెడ్డింగ్ వద్దు. కుదురే లేకపోతే లేజర్ దేన్ని కాలుస్తుంది?
- గర్భిణికి లేజర్ వద్దు.
- పూలజడ బరువు గంటల తరబడి నుదుటి దగ్గర లాగనీయకండి. నొప్పి పుడితే విప్పి వదులుగా అల్లించండి.
- పసిపిల్లల ఒంటి నూగు పోవాలని పిండితో గట్టిగా రుద్దకండి. వారాల్లో దానంతట అదే పోతుంది.
- కాలిందా? ఇరవై నిమిషాలు పారే చల్లటి నీళ్లు. టూత్‌పేస్టు వద్దు. పసుపు వద్దు. ఐసు ముక్క నేరుగా వద్దు. ఆ ట్యూబు అస్సలు వద్దు.
- పొక్కు చిదమకండి. దాని మీద మేకప్ వేయమని అడగకండి, నేను వేయను.
- ట్యూబు రాస్తూ వ్యాక్సింగ్ చేయించుకోవద్దు. నెల కింద మానేశానన్నా వద్దు, డాక్టర్ సరేననే దాకా.
- అమ్మకు తెలియకుండా రాస్తున్న పిల్లలూ, మీకే చెబుతున్నాను: అమ్మకు చెప్పకపోయినా నాకు చెప్పండి.
- దవాఖానాకు పోయేటప్పుడు ట్యూబు వెంట తీసుకెళ్లండి. పేరు చెరిగిపోతే దాని డబ్బా తీసుకెళ్లండి. డబ్బా పారేస్తే, కొన్న షాపుకు పోయి మందు పేరు కాగితం మీద రాయించుకుని తీసుకెళ్లండి.