రోహిణి కార్తె ఎండ ఉండగానే ఇంట్లో ముక్కవాసన వదిలించుకోండి

వానలు మొదలయ్యాక ఇల్లు ముక్కవాసన కొడుతోందని అగరొత్తులు వెలిగిస్తే, వాసన పోదు, పొగ దానికి తోడవుతుంది. అప్పటికి ఏదైనా ఆరబెట్టుకుందామన్నా ఎండ ఉండదు. తొలకరికి ముందే చూసుకోవాలి.

మన ఇంటి వాసన మన ముక్కుకు అలవాటైపోతుంది. ఓ రెండు గంటలు బయట తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగి పీల్చండి. అప్పుడు తెలిసిందే అసలు సంగతి.

బాత్రూమ్‌లో కుళ్లిన గుడ్ల వాసన వస్తుంటే ముందు జాలీ కింది ట్రాప్ చూడండి. అందులో రెండంగుళాల మేర నీళ్లు నిలిచి ఉంటేనే డ్రైనేజీ గాలి పైకి రాదు. వాడని బాత్రూమ్‌లో ఎండాకాలం ఆ నీళ్లు ఆవిరైపోతాయి. రెండు మగ్గులు పోయండి, వారానికోసారి పోస్తూ ఉండండి. అయినా ఆగకపోతే జాలీ ఎత్తి, లోపలి గిన్నె తీసి, పేరుకున్న జుట్టూ సబ్బు జిగురూ పాత బ్రష్షుతో గీకేయండి. గిన్నె మళ్లీ పెట్టడం మరిచిపోతే మొదటికే మోసం. బ్లీచింగ్ పౌడర్, యాసిడ్ మాత్రం ఒకదాని మీద ఒకటి వేయకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన బాత్రూమ్‌లో ప్రాణం మీదికొస్తుంది.

తర్వాత బీరువా. జానెడు ముందుకు లాగి వెనక గోడ మీద అరచెయ్యి ఆనించండి. చల్లగా తగిలి, రంగు పెచ్చులై తెల్లటి పొడి వేళ్లకంటిందంటే చెమ్మ గోడలోనే ఉంది. డాబా మీద వాననీటి గొట్టం మూతి శుభ్రం చేయించి, పగుళ్లు పూడ్పించాకే రంగు వేయించండి. లేకపోతే శ్రావణానికల్లా బూజు మళ్లీ పైకొస్తుంది. నూలు బట్టలు ఎండలో, పట్టుచీరలు నీడలో గాలికి ఆరేయండి. బట్టల మధ్య పెట్టే వేపాకు నలిపితే గలగలా పొడి కావాలి. పచ్చిగా ఉంటే అదే చెమ్మ తెస్తుంది. కలరా ఉండలు పసిపిల్లల బట్టల్లో వద్దే వద్దు. కొందరు పిల్లలకు ఆ వాసనకే ఎర్ర రక్తకణాలు చిట్లి కామెర్లు వస్తాయి.

వాషింగ్ మెషీన్ తలుపు రబ్బరు మడతలు తుడిచి, ఉతికాక తలుపు తెరిచే ఉంచండి.

రెండు వాసనలకు మాత్రం శుభ్రం చేయడం విరుగుడు కాదు. స్విచ్‌బోర్డు దగ్గర ప్లాస్టిక్ మాడినట్టో చేపల కంపులాగో వస్తే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. వంటగ్యాస్ వాసనైతే ఏ స్విచ్చూ వేయొద్దు, ఆపొద్దు. ఆ గ్యాస్ గాలికంటే బరువు, నేల మీదే పేరుకుంటుంది. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు బార్లా తెరిచి, అందరూ బయటికొచ్చాకే 1906కి ఫోన్ చేయండి.