చెస్ మాస్టర్‌తో గేమా? బోర్డు దగ్గరికెళ్లే ముందు చూసుకోవాల్సినవి

పెయిరింగ్ లిస్టులో (ఎవరితో ఎవరు ఆడాలో చెప్పే జాబితా) మన పేరు ఎదురుగా జీఎం (గ్రాండ్‌మాస్టర్, చెస్‌లో అత్యున్నత టైటిల్) అని కనబడితే టెన్షన్ మామూలే. అమ్మాయిలూ, ఇవి గుర్తుంచుకోండి.

- ఫోన్, స్మార్ట్‌వాచ్ బయటే ఇచ్చేయండి. జేబులో దొరికితే గేమ్ పోతుంది.

- రాత్రికి రాత్రి కొత్త ఓపెనింగ్ (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరుస) నేర్చుకుని వెళ్లొద్దు. రోజూ ఆడేదే ఆడండి.

- ముట్టిన పావు కదపాల్సిందే. క్యాస్లింగ్‌లో (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదలడం) ముందు రాజునే పట్టుకోండి. కంగారులో ఏనుగును ముట్టారా, ఇక క్యాస్లింగ్ లేదు, ఏనుగునే జరపాలి. చేతులు వణికేటప్పుడు జరిగేది సరిగ్గా ఇదే (నాకూ జరిగింది).

- డ్రా అడగాలంటే ఎత్తు వేసి, అడిగి, ఆ తర్వాతే క్లాక్ నొక్కండి. ఎదుటివారి ఆలోచన మధ్యలో అడగొద్దు.

- ‘అమ్మాయే కదా’ అన్న చూపు ఎదురైతే పట్టించుకోకండి. 2002లో మాస్కోలో హంగరీ క్రీడాకారిణి జుడిత్ పోల్గార్ ర్యాపిడ్ గేమ్‌లో (తక్కువ టైమ్‌లో ఆడేది) మాజీ ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించింది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి అదే ఏడాది 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. మహిళలకు విడిగా ఇచ్చే టైటిల్ కాదది, అసలు జీఎం.

- రెండు పెన్నులు, నీళ్ల సీసా. ఏసీ హాలైతే స్వెట్టర్.